పెరటి గది దాకా పాట

బరంపురంలో పాత వీధుల ఇళ్ళు రైలుబండి పెట్టెల వంటివి. వీధిలో నిలబడి చూచినవారికి పదిహేనడుగుల గోడ, రెండు కిటికీలు, ఒక అరుగు తప్ప మరేమీ కనిపించదు. గడప దాటి లోపలికి నడిస్తే చావడి, నడిమి గది, దేవుని మూల, వంటిల్లు, నుయ్యి, పెరటి గది - ఒకదాని వెనుక ఒకటిగా అలా సాగిపోతూనే ఉంటాయి. ఇటు పక్కింటికీ మనకూ ఒకే గోడ, అటు పక్కింటికీ మనకూ ఒకే గోడ. ఇచ్ఛాపురం, సోంపేట వైపు పోయినా ఇదే తీరు. ఇట్టి ఇళ్ళలో రేడియో గాని, టేపు రికార్డరు గాని, ఆ తరువాత వచ్చిన స్టీరియో సెట్టు గాని ఎప్పుడూ చావడిలోనే ఉండటం ఆచారం. వచ్చినవారికి కనబడవలెను గదా! అయితే పాట మీద నిజమైన ఆపేక్ష గలవారు తరచుగా వెనుక గదులలోనే ఉంటారు. వంటింట్లో ఉన్నవారు కొందరు, పెరటి గదిలో మంచం పట్టినవారు కొందరు, పరీక్షల చదువు పేరు చెప్పి మేడ ఎక్కినవారు కొందరు.

ఈ మధ్య మన సభ్యులలో నలుగురైదుగురు ఒకే ప్రశ్న మమ్మల్ని అడిగారు. ఇంట్లో పాత సెట్టు ఉన్నది, పిల్లలు చేతిలో పట్టేంత తీగలేని స్పీకరు ఒకటి కొని తెచ్చారు, ఈ రెండింటినీ కలపవచ్చునా అని. కలపవచ్చును. కొనేటప్పుడు దుకాణంలో చెప్పినంత తేలికగా మాత్రం కాదు. మేము కలిపి ఏడాది దాటింది గనుక తెలిసినంత మేరకు వ్రాస్తున్నాము.

ముందుగా ఒక సందేహం తీర్చవలసి ఉన్నది. ఫోనులో లేని పాట లేదు, ఆ ఫోనును తిన్నగా స్పీకరుతో జత చేస్తే సరిపోదా, మధ్యలో ఈ పాత సెట్టెందుకు అని కుర్రవాళ్ళు అడుగుతారు. సుబ్బులక్ష్మిగారి వేంకటేశ సుప్రభాతం 1963లో ఎల్.పి. రికార్డుగా వచ్చింది, ఈనాడు ఫోనులో క్షణంలో దొరుకుతుంది. ఘంటసాల వారి భగవద్గీతా అంతే. వాటి మట్టుకు కుర్రవాళ్ళ మాట నిజమే. కాని ప్రతి ఇంట్లోనూ ఫోనులో దొరకనివి కొన్ని ఉంటాయి. మా ఇంట్లో ఆరు కేసెట్లున్నాయి. 1988 ప్రాంతంలో మా నాన్నగారు టూ-ఇన్-వన్‌లో ఖాళీ కేసెట్టు వేసి, ఆదివారం మధ్యాహ్నాలలో పోతనగారి పద్యాలు చదివి నింపినవి. ఆయన గాయకులు కారు. గొంతు కొంచెం జీర. కాని ఎక్కడ విరవాలో అక్కడ విరిచి, అర్థం తెలిసేటట్లు చదివేవారు. ఆ కేసెట్లలో పద్యాలతోపాటు వీధిలో ఒరియాలో కూరలమ్మే మనిషి కేక ఉన్నది, పక్కింటి మగ్గం చప్పుడు ఉన్నది. గజేంద్రుడు మొర పెట్టుకొంటూ ఉండగా వంటింట్లోంచి మా అమ్మ “పాలు పొంగిపోతన్నాయర్రా” అన్న కేకా ఉన్నది. నాన్నగారు పోయి పదకొండేళ్ళయింది.

ఇప్పుడు మా అమ్మకు డెబ్బదియారు. నిరుటి ముందటి ఏడు తుంటి ఎముక విరిగినప్పటి నుంచి ఆమె మంచం పెరటి గదికి మారింది. స్నానాలగది దగ్గర, గాలి వస్తుంది, మెట్లు లేవు - ఏ విధంగా చూచినా అదే తగిన చోటు. కాని అక్కడికి చావడిలోని చప్పుడు చేరదు. అంతకు ముందు ఆమె రోజులో సగం చావడి పాట చెవిని వేసికొనే గడిపేది. గది మారిన తరువాత రెండు నెలలపాటు ఏమీ అడగలేదు. కావలెనని అడిగి ఉంటే మాకింత కష్టంగా తోచేది కాదు.

పిల్లల సంగతి కూడా ఉన్నది. 1936 ఏప్రిల్ 1వ తేదీన గంజాం మద్రాసు రాష్ట్రం నుంచి విడివడి ఒరిస్సాలో చేరింది. అప్పటి నుంచి ఇక్కడి తెలుగు ప్రధానంగా ఇళ్ళలోనే బ్రతుకుతున్నది. మా పిల్లలకు బడిలో ఒరియా, ఇంగ్లీషు, బజారులో ఒరియా, ఫోనులో హిందీ. తెలుగు వారి చెవిని పడేది అమ్మమ్మలు, నాయనమ్మలు మాట్లాడినప్పుడు, చావడిలో పాట మోగినప్పుడు. ఆ నాయనమ్మ వెనుకకూ పాట ముందుకూ అయితే, నడిమి గదిలో కూర్చున్న పిల్లవానికి ఏదీ అందదు. అందుచేత మాకు కావలసినది మరొక పాటల పెట్టె కాదు. చావడిలో తిరుగుతున్న ఆ కేసెట్టే పెరటి గదిలోనూ పలకవలెను.

చావడిలో ధ్వని పెంచితే సరిపోదా అని కొందరన్నారు. ఒకే గోడ మీద రెండిళ్ళు నిలిచిన చోట అది జరిగే పని కాదు. మన దేశంలో 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస స్థలాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్సుకు మించరాదు. నియమం మాట అటుంచండి. గోడకు అవతల ఒరియా వారి అమ్మాయి మెట్రిక్ పరీక్షకు చదువుతున్నది. ఆ తల్లి ఎన్నడూ ఒక్క మాట అనలేదు. అనని వారి పట్ల మనమే జాగ్రత్తగా ఉండవలెను.

తీగలేని స్పీకరంటే ఏమిటో రెండు మాటలలో చెప్పుదాము. అరచేతిలో ఇమిడే డబ్బీ మొదలు చిన్న బిందె అంత వరకు పలు పరిమాణాలలో దొరుకుతుంది. లోపల ఒక బ్యాటరీ, ఒక చిన్న యాంప్లిఫయరు, ఒకటో రెండో స్పీకర్లు, ఒక రేడియో గ్రాహకం ఉంటాయి. ఈ రేడియో మన ఆకాశవాణి రేడియో కాదు. బ్లూటూత్ అనే పద్ధతి ప్రకారం అతి తక్కువ శక్తితో, 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతపు తరంగాల మీద నడిచేది. స్వీడన్‌లో ఎరిక్సన్ కంపెనీ వారు 1990లలో దీనిపై పని మొదలుపెట్టారు. 1998లో మరికొన్ని కంపెనీలతో కలిసి సంఘంగా ఏర్పడ్డారు. డెన్మార్కు, నార్వేలను ఏకం చేసినాడని చెప్పే పదవ శతాబ్దపు రాజు హెరాల్డ్ బిరుదే దీనికి పేరు. బ్లూటూత్ అంటే నీలిపన్ను. ఆ రాజు పేరు పెట్టుకొన్న తరంగం బరంపురంలో ఒక చావడినీ ఒక పెరటి గదినీ కలపటానికి వచ్చినదంటే వింతగానే ఉన్నది. అయినా గోడలు దాటే తరంగాలు మన వైపు వారికి కొత్త కాదు. 1890ల నడుమనే జగదీశ చంద్ర బోసు మహాశయుడు కలకత్తాలో తీగలేకుండా గోడల కావలి నుంచి గంట మోగించి చూపినాడు.

మా చిన్నతనంలో, 1980ల మొదటి సగంలో, పాటలు వినే రేడియోకే పోస్టాఫీసులో లైసెన్సు కట్టవలసి ఉండేది. నాన్నగారు ఆ చిన్న పుస్తకంలో ఏటేటా బిళ్ళ అంటించుకొని వచ్చేవారు. ఇప్పుడు ఇంట్లో కూర్చొని మనమే పాటను ప్రసారం చేస్తున్నా ఎవరినీ అడగనక్కర లేదు. తక్కువ శక్తి గల పరికరాల మట్టుకు ఈ 2.4 ప్రాంతానికి లైసెన్సు అవసరం లేదని మన ప్రభుత్వం 2005లో ప్రకటించింది. అయితే అందరూ అడగకుండా వాడుకొనే దారి గనుక రద్దీ కూడా అక్కడే. ఇంటింటి ఇంటర్నెట్టు పెట్టె, వంటింటి మైక్రోవేవు పొయ్యి ఆ ప్రాంతంలోనే పనిచేస్తాయి. పొయ్యి తిరుగుతున్న రెండు నిమిషాలు పద్యం తెగి తెగి వస్తే స్పీకరు చెడిపోయిందని బజారుకు పట్టుకొని పోకండి.

ఇక అసలు చిక్కుకు వస్తాము. పాత యాంప్లిఫయరుకు బ్లూటూత్ తెలియదు. స్పీకరు ఎంత కొత్తదైనా పాత సెట్టు దానితో తనంతట తాను మాట్లాడలేదు. మధ్యన ఒక దుబాసీ కావలెను. దానినే బ్లూటూత్ ట్రాన్సుమిటరు అంటారు. అగ్గిపెట్టె అంత ఉంటుంది, కొన్ని వందల నుంచి రెండు వేల రూపాయల దాకా ఖరీదు. ఇక్కడ ఒక హెచ్చరిక. రూపంలో ఇటువంటిదే రిసీవరని మరొకటి ఉన్నది. అది ఫోను పాటను పాత సెట్టులోకి తెచ్చేది. మనకు కావలసినది సెట్టు పాటను బయటికి పంపేది. మా ఊరిలో ఒక దుకాణదారు మాకు ట్రాన్సుమిటరని చెప్పి రిసీవరిచ్చినాడు. తెలుగు, ఒరియా, హిందీ మూడు భాషలలోనూ తప్పు తనది కాదని వాదించి, చివరికి మార్చి ఇచ్చినాడు. కొన్నింటిలో రెండు పనులూ చేయగల మీట ఉంటుంది. టి.ఎక్స్. అని ఉన్న వైపు పంపటం, ఆర్.ఎక్స్. అని ఉన్న వైపు అందుకోవటం.

దీనిని సెట్టుకు ఎక్కడ తగిలించవలెనన్నది ముఖ్యం. పాత యాంప్లిఫయరు వెనుక తిప్పి చూస్తే ఎరుపు, తెలుపు జంట రంధ్రాలు వరుసగా ఉంటాయి. వాటిలో రెక్ అవుట్ అనో టేప్ అవుట్ అనో వ్రాసి ఉన్న జంట ఒకటి ఉంటుంది. పూర్వం రేడియోలో వచ్చిన పాటను కేసెట్టులోకి ఎక్కించుకొనటానికి పెట్టినది. ఇప్పుడు ఎవరూ ముట్టుకోరు, ధూళి పట్టి ఉంటుంది. మన పనికి అంతకంటె మంచి చోటు లేదు. ఎందుకంటే యాంప్లిఫయరు ముందున్న ధ్వని బిరడా ఎంత తిప్పినా ఈ రంధ్రంలోంచి వచ్చే సంకేతం మారదు. చావడిలో ధ్వని పూర్తిగా తగ్గించినా పెరటి గదిలో పద్యం సాగుతూనే ఉంటుంది. అక్కడ ఎంత వినవలెనన్నది అక్కడి స్పీకరు మీది బొత్తాముల పని, అంటే మా అమ్మ పని. ఇది చిన్న సంగతిగా కనిపించవచ్చును. అన్నిటికీ ఒకరిని పిలవవలసి వచ్చే మనిషికి, తన చేతితో తాను పెంచుకొని తగ్గించుకోగలిగినది ఒకటి ఉండటం ఎంత విలువైనదో మంచం పట్టిన పెద్దలున్న ఇంటివారికి చెప్పనక్కర లేదు.

ఎరుపు, తెలుపు రెండూ తగిలించవలెను. ఒకటి తగిలిస్తే స్టీరియో పాటలో సగం వాద్యాలు మాయమవుతాయి. చిన్న స్పీకర్లు చాలా వరకు కుడి ఎడమలను కలిపి ఒకటిగానే పలుకుతాయి గాని, కలపటానికి రెండూ చేరవలెను గదా.

రెక్ అవుట్‌లో ఒక మెలిక ఉన్నది. యాంప్లిఫయరులో టేప్ అని ఉన్న రంధ్రాలకే కేసెట్టు డెక్కు తగిలించి ఉంటే, టేపు మోగుతున్నప్పుడు కొన్ని సెట్లలో ఆ జంట మూగబోతుంది. ఒకే డెక్కులోంచి పాట వచ్చి మళ్ళీ అదే డెక్కులోకి పోతే కూత పుడుతుందని తయారుచేసినవారే అడ్డు పెట్టారు. మా సెట్టు అటువంటిదే. డెక్కు తీగలను అక్కడి నుంచి ఊడదీసి ఆక్స్ అని వ్రాసిన జంటకు మార్చితే సరిపోయింది. గ్రామఫోను రికార్డుల మేజాను మాత్రం ఎన్నడూ అలా మార్చరాదు. దానికి ఫోనో అన్న రంధ్రమే తగినది. మరొకటి - పెద్ద స్పీకర్లకు పోయే లావు తీగలను కత్తిరించి చిన్న స్పీకరు రంధ్రంలోకి తగిలిద్దామని చూచే ధీరులు ఊరికి ఒకరుంటారు. ఆ తీగలలో పోయేది పెద్ద స్పీకరును కదిలించే శక్తి. చిన్నదాని ప్రాణం ఒక్క తాళంలో పోతుంది.

రెక్ అవుట్ లేని సెట్లకు చెవి ఫోను రంధ్రమొక్కటే గతి. దానిలో తగిలిస్తే చావడి స్పీకర్లు చాలా సెట్లలో ఆగిపోతాయి, ధ్వని బిరడా కూడా రెండు చోట్లకూ ఒకటే అవుతుంది. పని జరుగుతుంది, సుఖం లేదు.

దూరం సంగతి. డబ్బీ మీద పది మీటర్లని వ్రాసి ఉంటుంది. అది మధ్యలో ఏమీ లేనప్పటి లెక్క. మా చావడి నుంచి పెరటి గదికి అరవై అడుగులకు తక్కువ ఉండదు. మధ్యన సున్నపు గోడలు మూడు, ఇనుప బీరువా ఒకటి, రిఫ్రిజిరేటరు ఒకటి. తరంగానికి ఇటుక గోడ కంటె ఇనుప బీరువా ఎక్కువ శత్రువు. మేము చేసినది ఏమనగా, సెట్టు నుంచి సుమారు ముప్పయి అడుగుల తీగను గుమ్మం పై అంచు వెంట నడిమి గది అటక దాకా లాగి, ట్రాన్సుమిటరును ఆ అటక మీద ఎత్తుగా పెట్టాము. దానికి పాత ఫోను చార్జరు ఒకటి చాలు. అక్కడి నుంచి పెరటి గది వరకు మిగిలిన దారి గాలిలో. తీగలేని స్పీకరుకు ఇంత తీగ ఎందుకని మా తమ్ముడు నవ్వినాడు. నవ్వనిమ్మని ఊరుకొన్నాము. నూరు మీటర్లు పోయే ట్రాన్సుమిటర్లూ ఉన్నాయి గాని, వాటి లెక్క కూడా మైదానపు లెక్కే.

జత చేయటం మొదటిసారి కొంచెం ఓపికతో కూడిన పని. ట్రాన్సుమిటరుకు తెర లేదు, పేర్లు చూపదు. స్పీకరునూ దానినీ దగ్గరగా పెట్టి, రెండింటి బొత్తాములూ నొక్కి పట్టుకొని, దీపాల మినుకు ఆగేదాకా వేచి ఉండటమే. ఆ సమయంలో ఇంట్లోని ఫోనులన్నిటిలో బ్లూటూత్ ఆపివేయవలెను. లేకపోతే స్పీకరు పాత చుట్టరికం మరువక ఏదో ఒక ఫోనును పట్టుకొంటుంది. ఆ తరువాత కూడా ఈ బెడద ఉన్నది. ఒకనాడు ప్రహ్లాదుడు తండ్రికి బదులు చెప్పే ఘట్టంలో హఠాత్తుగా ఏదో హిందీ సినిమా పాట మొదలయింది. “ఏట్రా గుంటడా, మీ తాతగారు పాటలు కూడా నేర్చుకున్నారేటి?” అని మా అమ్మ పెరట్లోంచి కేకవేసింది. పిల్లవాని ఫోను ఆ స్పీకరును పట్టుకొన్నదన్న మాట. అతని ఫోనులోంచి ఆ స్పీకరు పేరును తొలగించిన తరువాత అట్టిది మళ్ళీ జరగలేదు.

అన్నిటికంటె ముఖ్యమైన సంగతి ఆలస్యం. బ్లూటూత్ పాటను ఉన్నది ఉన్నట్లుగా పంపదు. ముక్కలుగా కోసి, కుదించి, పంపి, అవతల కొంత పోగుచేసికొని అప్పుడు విప్పి పలుకుతుంది. సాధారణమైన పద్ధతిలో దీనికి సెకనులో అయిదవ వంతు దాకా పడుతుంది. పెరటి గదిలో తలుపు వేసికొని విన్నవారికి ఇది తెలియనే తెలియదు. కాని రెండు స్పీకర్లూ ఒకే గదిలో పెట్టినా, రెండూ వినవచ్చే నడిమి గదిలో నిలబడినా పద్యం రెండుసార్లు వినిపిస్తుంది. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది; అయిదవ వంతు సెకనంటే దాదాపు 68 మీటర్లు. అంటే ఒక నాన్నగారు చావడిలోనూ, మరొక నాన్నగారు రెండు వందల ఇరవై అడుగుల అవతల వీధి చివరనూ నిలబడి అదే పద్యం చదివినట్లు. ఠాకురాణీ జాతర రోజులలో మన వీధుల పొడుగునా స్తంభాలకు మైకులు కడతారు గదా. ఒక మైకు మాట ముందు, దాని వెనుకటి మైకు మాట తరువాత వచ్చి, ప్రకటన ఏమిటో ఒక్క ముక్క తెలియకుండా పోతుంది. సరిగా అదే. మన చెవి సుమారు 30 మిల్లీసెకనుల లోపు వచ్చిన రెండు ధ్వనులను ఒకటిగా కలుపుకొంటుంది, అంతకు చాలా మించితే ప్రతిధ్వనిగా వింటుంది. 200 మిల్లీసెకనులను ఏ చెవీ క్షమించదు.

అందువల్ల చావడిలోనే ధ్వని నిండుగా రావటానికి ఈ చిన్న స్పీకరును పెద్దవాటి పక్కన పెట్టాలనుకొనేవారు ఆ ఆశ వదలుకొనటం మంచిది, లేదా తీగతోనే కలపవలెను. స్పీకరు వెనుక ఆక్స్ అని చిన్న రంధ్రం ఉంటే తీగతో ఆలస్యం దాదాపు ఉండదు. ఈ మధ్య వచ్చే చాలా స్పీకర్లలో ఆ రంధ్రం తీసివేస్తున్నారు. కొనేముందు వెనుకకు తిప్పి చూడండి. రంగులను తరువాత చూడవచ్చును. ఆలస్యం తక్కువగా, 40 మిల్లీసెకనుల ప్రాంతంలో ఉండే పద్ధతులున్నాయి గాని, పంపే డబ్బీకీ అందుకొనే స్పీకరుకూ రెండింటికీ ఆ పద్ధతి వచ్చి ఉండవలెను. ఒకరికే తెలిసిన భాషతో సంభాషణ సాగదు. టెలివిజనుకు తగిలించేవారికి కూడా ఇదే మాట. పెదవులు ముందు కదులుతాయి, మాట వెనుక వస్తుంది.

మా ఇంట్లో నడిమి గది సమస్యకు పరిష్కారం యంత్రాలలో దొరకలేదు. మధ్యాహ్నం మూడింటికి అమ్మ కేసెట్టు వినే వేళకు చావడి స్పీకర్లు ఆపుతాము. పిల్లలు వినవలెనంటే పెరటి గదికే పోవలెను. పోతున్నారు కూడా. మొదట స్పీకరు కోసం పోయారు. ఇప్పుడు చిన్నవాడు మగ్గం చప్పుడు ఎక్కడ వస్తుందో, పాలు పొంగే చోటు ఎక్కడో ముందే చెబుతున్నాడు. “ఇప్పుడు నువ్వు అరుస్తావు నాయనమ్మా” అంటాడు. ఆ ముందరి పద్యం కూడా వానికి నోటికి వచ్చింది. అర్థం అడిగితే ఒరియాలో చెబుతాడు.

ఇంటర్నెట్టు పెట్టె మీద నడిచే స్పీకర్ల పద్ధతి వేరొకటి ఉన్నది. దానిలో గదికొక స్పీకరు పెట్టినా అన్నీ ఒకే క్షణాన పలుకుతాయి. బ్యాటరీతో ఇల్లంతా తిప్పుకొనేవి కూడా వచ్చాయి. ధర మాత్రం మనబోటి గుమాస్తాలు ఒకటికి రెండుసార్లు ఆలోచించవలసినది. పాత కేసెట్టు సెట్టును దానిలోకి తెచ్చుకొనటానికి మరొక పరికరం కావలెను. కరెంటు పోతే ఇంటర్నెట్టు పెట్టె పోతుంది, దానితో పాటు పాటా పోతుంది. 2022లో ప్రకటించిన ఆరాకాస్ట్ అనే కొత్త బ్లూటూత్ పద్ధతి మాకు ఎక్కువ ఆసక్తి కలిగించింది. ఒక ట్రాన్సుమిటరు నుంచి ఎన్ని స్పీకర్లయినా ఒకేసారి వినవచ్చును. తగిన వినికిడి యంత్రాలు చెవిలో ఉన్నవారికి పాట నేరుగా ఆ యంత్రంలోకే వస్తుంది. మన సమాజంలో చెవి మందగించిన పెద్దలు ఎందరో ఉన్నారు, సభలలో వెనుక వరుసలో కూర్చొని చిరునవ్వుతో తల ఊపేవారు. వారికి ఇది పనికి వచ్చును. కాని ఇక్కడ కూడా రెండు వైపులా కొత్త సరుకే ఉండవలెను.

కరెంటు మాట వచ్చింది గనుక తుపానుల సంగతి. 2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు మన జిల్లాలో స్తంభాలు వరుసలు వరుసలుగా కూలిపోయాయి. రోజుల తరబడి దీపం లేదు. ఆ రోజులలో ఇంట్లో పలికినది పాత ట్రాన్సిస్టరు ఒక్కటే. అందుకే స్పీకరు కొనేటప్పుడు ఎఫ్.ఎం. రేడియో ఉన్నదానినే ఎంచుకొన్నాము. ఫోను పని చేయకున్నా ఆకాశవాణి బరంపురం వినవచ్చును. ఇట్టి స్పీకర్లలో చాలావాటికి ఏరియల్ విడిగా ఉండదు, చార్జింగు తీగనే ఏరియల్‌గా వాడుకొంటాయి. తీగ తగిలించి కిటికీ వైపు చాచి పెడితే గాని స్టేషను అందదు.

బ్యాటరీ లిథియం జాతిది. మితమైన ధ్వనితో ఒక పూట నుంచి రోజంతా వస్తుంది. ఎప్పుడూ చార్జరుకు తగిలించి ఉంచటం గాని, పూర్తిగా అడుగంటే దాకా వాడటం గాని దానికి మంచిది కాదు. వేసవిలో పెరటి కిటికీ ఎండలో వదిలితే ఆయుర్దాయం ఇంకా తగ్గుతుంది. కొన్ని వందలసార్లు నింపిన తరువాత మొదటి బలం ఉండదు. డబ్బీ ఉబ్బినట్లు కనబడితే వెంటనే వాడుక మానవలెను, చెత్తలో పారవేయరాదు. పాత ఎలక్ట్రానిక్ సామాను తీసికొనేవారికే ఇవ్వవలెను. ఇంకొకటి, పదీ ఇరవై నిమిషాలు నిశ్శబ్దంగా ఉంటే చాలా స్పీకర్లు తమంతట తామే ఆగిపోతాయి. కేసెట్టు ఒక వైపు అయిపోయి, తిప్పి వేసేవారు బజారుకు పోయి ఉంటే, తిరిగి వచ్చి రెండో వైపు వేసినా పెరటి గదిలో పలకదు. మళ్ళీ బొత్తాము నొక్కవలెను. మా అమ్మకు ఆ బొత్తాము తడుముకొంటే తెలియటానికి దాని మీద ఒక బొట్టుబిళ్ళ అంటించాము.

కేసెట్లు శాశ్వతం కావు. టేపు మీది పూత సముద్రపు తేమకు రాలుతున్నది. రెండు కేసెట్లలో అప్పుడే గొంతు మసకబారింది. అదే రెక్ అవుట్ నుంచి ఒక తీగ కంప్యూటరుకు తగిలించి మొదటి నాలుగూ ఎక్కించాము, మిగిలిన రెండూ దసరా సెలవులలో ఎక్కిస్తాము. అయినా అమ్మకు కేసెట్టు తిరగవలసిందే. ఒక వైపు అయిపోయినప్పుడు డెక్కులో ఠక్కుమని మీట లేచే చప్పుడు తనకు వినబడదు గాని, పద్యం ఆగగానే “తిప్పరా” అంటుంది.

గోపాలపురం ఇక్కడికి పది మైళ్ళే గనుక ఈ స్పీకర్లను సముద్రపు ఒడ్డుకు తీసికొని పోయేవారున్నారు. ఐ.పి. 67 అని వ్రాసి ఉంటే లోపలికి ధూళి చొరదనీ, మీటరు లోతు నీటిలో అరగంట ఉన్నా చెడదనీ అర్థం. అయితే అది మంచినీటితో చేసిన పరీక్ష. ఉప్పునీరు పడితే ఇంటికి రాగానే తడిగుడ్డతో తుడిచి, చార్జింగు రంధ్రం పూర్తిగా ఆరిన తరువాతనే తీగ తగిలించండి.